జర్మనీ వీసా గడువు ముగుస్తోంది, అపాయింట్‌మెంట్ దొరకలేదు.. ఇప్పుడేం చేయాలి?

ఏపీఎస్ సర్టిఫికెట్, బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు, 75 యూరోల వీసా ఫీజు.. ఇన్ని దాటుకుని విమానం ఎక్కాక ఇక కాగితాల గోల తీరినట్టే అనుకుంటారు చాలామంది విద్యార్థులు. కానీ పాస్‌పోర్టులో అంటించే 'డి' వీసా సాధారణంగా కొన్ని నెలలకే. చదువు పూర్తయ్యేదాకా ఉండాలంటే అక్కడి విదేశీయుల కార్యాలయం నుంచి రెసిడెన్స్ పర్మిట్ తీసుకోవాలి. దానికి తొలి మెట్టు ఇంటి చిరునామా.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా స్థానిక పౌర సేవల కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్నే 'అన్‌మెల్డుంగ్' అంటారు. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు. మీరు ఆ ఇంట్లో చేరినట్టు యజమాని సంతకం చేసిన పత్రం వేరే కావాలి. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. స్నేహితుడి గదిలో సర్దుకునేవారికి, రెండు మూడు నెలలకని గది తీసుకున్నవారికి ఆ సంతకం చాలాసార్లు దొరకదు. అందుకే అడ్వాన్స్ పంపే ముందే 'నమోదుకు పత్రం ఇస్తారా?' అని మెసేజ్‌లో అడిగి, జవాబు దాచుకోండి. డబ్బులిస్తే ఉండని ఇంటికి పత్రం ఇప్పిస్తామనేవాళ్ల జోలికి వెళ్లొద్దు. అలా ఉత్తుత్తి చిరునామా ఇచ్చేవారికి 50,000 యూరోల దాకా జరిమానా వేయొచ్చు.

చిన్న విషయంలా కనిపించే పోస్టు డబ్బానూ మరవొద్దు. 11 అంకెల ట్యాక్స్ నంబరు సహా ముఖ్యమైనవన్నీ ఉత్తరాల్లోనే వస్తాయి. డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. అందరూ పిలిచే పేరు కాదు, పాస్‌పోర్టులో ఉన్న పేరు ఇంటిపేరుతో సహా రాయాలి. నమోదయ్యాక రేడియో, టీవీ రుసుము నోటీసు కూడా వస్తుంది. టీవీ లేకున్నా నెలకు 18.36 యూరోలు కట్టాల్సిందే. అయితే అది ఇంటికి ఒక్కటే. నలుగురు కలిసి ఉంటే ఒకరు కట్టి, మిగతావాళ్లు ఆ నంబరు ఇస్తే చాలు.

ఇక అసలు భయం దగ్గరికొద్దాం. పెద్ద నగరాల్లో పర్మిట్ అపాయింట్‌మెంట్‌కు నెలల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది. ఈలోగా వీసా అయిపోతే? అక్కడి చట్టంలో చూసేది అపాయింట్‌మెంట్ తేదీని కాదు, దరఖాస్తు తేదీని. 'డి' వీసా గడువు ముగిసేలోపు దరఖాస్తు అందితే, నిర్ణయం వచ్చేదాకా పాత హక్కులే కొనసాగుతాయి. ఒక్కరోజు దాటినా ఈ రక్షణ దానంతటదే రాదు, అధికారి దయ మీద ఆధారపడాలి. కాబట్టి దరఖాస్తు అందినట్టు రుజువు తప్పనిసరిగా దాచుకోండి.

ఆ రుజువు పట్టుకుని సంక్రాంతికి ఇంటికి బయల్దేరితే మాత్రం చిక్కే. ప్రయాణానికి 'ఫిక్షన్స్‌బెషైనిగుంగ్' అనే తాత్కాలిక ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి. అందులోనూ ఏ గడిలో టిక్ పెట్టారో చూడండి. 81వ సెక్షన్ 4వ ఉపవిభాగం కింద ఇస్తే జర్మనీకి తిరిగి రావచ్చు. 3వ ఉపవిభాగం కింద ఇస్తే, దేశం దాటాక ఆ కాగితంతో మళ్లీ లోపలికి రానివ్వరు. టికెట్ కొనేముందే ఇది చూసుకోవాలి.

చదువు ముగించి పూర్తిగా వచ్చేసేవారు చిరునామా నమోదును రద్దు చేయించుకోవాలి. బయల్దేరడానికి వారం ముందు నుంచి ఆ పని చేసుకోవచ్చు. ఆ రద్దు పత్రం ఉంటేనే రేడియో రుసుము ఆపించడం తేలిక.