క్యూరియస్‌లీ: ఒక క్రియావిశేషణము, ఒక స్తంభము

ఆంగ్లభాషలో "క్యూరియస్‌లీ" యను క్రియావిశేషణ మొకటి కలదు. మా విద్యార్థులు దీని నెక్కడ గనినను "వింతగా" యని తెలిగించి, పని ముగిసినదని తలంచుచుందురు. మేమును చిరకాల మట్లే బోధించితిమి. లేపాక్షిలో ఒక బాలిక వేసిన ప్రశ్న మా బోధనయందలి లోపమును మాకు చూపినది. ఆ సంగతిని చదువరులకు విన్నవింపదలచితిమి.

ఈ పదమునకు మూలము లాటిను భాషలోని "క్యూరా". శ్రద్ధ, జాగ్రత్త యని దాని యర్థము. శ్రద్ధతో సరిచూడబడినది "ఆక్యురేట్". చింత లేనిది "సెక్యూర్". ఇవియు నా కుదుటివే. "క్యూరియస్" పదము పదునాలుగవ శతాబ్దమున ఫ్రెంచి మూలమున ఆంగ్లమున జేరినది. పూర్వము "క్యూరియస్‌లీ" యనగా మిక్కిలి శ్రద్ధతో, నేర్పుతో నని యొక యర్థముండెను. 1611 నాటి ఆంగ్ల బైబిలునందు 139వ కీర్తనలో నీ పదము ఆ యర్థముననే వాడబడినది. మానవదేహము బుట్టాపనివలె నేర్పుగా కూర్పబడినదని యచ్చటి భావము. తెలుగు చేసినవా రచ్చట "విచిత్రముగా" నని వ్రాసిరి. నేటి పాఠకుడు దానిని "విడ్డూరముగా" నని గ్రహింపవచ్చును. కాని సంస్కృతమున చిత్రశబ్దమునకు పలువన్నెలది యనియు, బొమ్మ యనియు నర్థములు కలవు గదా! కాన ఆ మాట పొరపాటు గాదు.

రెండవ యర్థము, తెలిసికొనవలెనను కోరికతో నని. దీనికి మన "కుతూహలముగా" సరిపోవును. మూడవది వాక్యాదియందు నిలిచి వాక్యమంతటిని విశేషించునది. "విచిత్రమేమనగా" అని తెలిగింపదగును. మొదటిది పనివాని నేర్పు, రెండవది చూచువాని కోరిక, మూడవది చెప్పువాని యాశ్చర్యము. ఈ మూటిని ఒక్క "వింతగా"లో ముంచివేసితిమి!

హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి, వెనుక అనంతపురము జిల్లాలోనిదై, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. విజయనగరప్రభువగు అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరుపణ్ణ, వీరణ్ణ యను సోదరు లచ్చటి వీరభద్రాలయమును కట్టించిరి. ఆ పైకప్పుల చిత్రములందలి చీరల యంచులను నేటికిని నేతపనివా రనుకరించుచున్నారు. అచ్చటనే ఒక రాతిస్తంభము పాదము నేలపై పూర్తిగా నానక యున్నది. వచ్చినవారెల్ల దాని క్రింద బట్ట దూర్చి యీవలకు లాగి, శుభము కలుగునని సంతసింతురు. ఆంగ్లేయుడగు ఇంజనీరొకడు దాని మర్మము కనుగొనబోయి కదల్చెనని స్థానికులు కథ చెప్పుదురు.

మేము విద్యార్థులతో నచ్చటికి పోయినప్పుడు, మేము సైతము బట్ట దూర్చితిమి. అంతట నొక బాలిక, "అయ్యవారూ, బట్ట దూర్చిన వారికి మేలగునందురు. వారికేమి తెలిసినదో యెవరును చెప్పరేమి? పై బరువును ఏ దూలము, ఏ పొరుగు స్తంభము మోయుచున్నది?" అని యడిగెను. ప్రక్కనున్న పెద్ద యొకరు, "ఆడపిల్లకేల యిన్ని ప్రశ్నలు?" అనిరి. బాలిక తలవంచుకొనెను. సిగ్గుపడి చెప్పవలసిన దేమనగా, మేమును నోరు మెదపలేదు.

ప్రశ్నించుట మన సీమకు క్రొత్తగాదు. 1800లో దత్తమండలములు కుంపిణీవారి వశమైన పిమ్మట, కల్నల్ మెకంజీ పక్షమున మనుష్యులు గ్రామగ్రామము తిరిగి, శాసనముల ప్రతులు తీసి, కరణముల నడిగి, గుడుల యొక్కయు చెఱువుల యొక్కయు వృత్తాంతములను వ్రాసికొనిరి. ఇవియే కైఫీయతులు. మెకంజీకి ఈ మార్గమున తోడైనవాడు ఏలూరి కావలి వెంకట బొఱ్ఱయ్య. అతడు 1803లో చిన్నవయసుననే గతింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. తరువాత బ్రౌను దొర వానికి ప్రతులు వ్రాయించి కాపాడెను. వీరందరు కుతూహలముగా నడిగిరి; శ్రద్ధగా వ్రాసిరి. ఆంగ్లపదము యొక్క రెండర్థములును వారి పనిలో కలిసియున్నవి.

మన కరవు సంగతియు నిట్టిదే. అనంతపురపు పీఠభూమిలో సాలునకు సుమారు 55 సెంటీమీటర్ల వాన మాత్రమే కురియును. నైరృతి మేఘములు పడమటి కనుమలపై తమ నీటిని విడిచివచ్చును. ఈశాన్యపు వానలకు మనము కడు దూరము. "వానలు వింతగా తప్పినవి" యని యూరకుండువానికి ఎండిన చెఱువు ఒక వింత మాత్రమే. తూము ఎక్కడ పూడినది, వంక యెవరు మళ్లించిరి, కట్ట యేల తెగినదని యడుగువానికి అదియే యొక పని యగును. పూర్వు లీ పొడినేలపై చెఱువులు కట్టిన దట్టి ప్రశ్నలవలననే గదా!

మరునాడు తరగతిలో నా బాలికను లేపి, ఆ ప్రశ్నను మరల నడుగుమంటిమి. మొదట సంకోచించి, పిమ్మట స్పష్టముగా నడిగెను. మా కుత్తరము తెలియదనియు, కలిసి వెదకుదమనియు చెప్పితిమి. నల్లబల్లపై "వింతగా" యని వ్రాసియున్న దానిని తుడిచి, మూడర్థములను మూడు పంక్తులుగా వ్రాసితిమి. గృహములందు పిల్లలు, విశేషించి బాలికలు, "ఏల?" యని యడిగినప్పుడు చదువరులు వారి నోరు మూయింపకుందురుగాక. ఉత్తరము లేకున్నను, ప్రశ్నకు చోటుండవలెను.