లేజరు కోత

లేజరు కోత అనగా కేంద్రీకరించిన కాంతిపుంజంతో పదార్థాన్ని కరిగించి, ఆవిరిచేసి లేదా మండించి, కోరిన ఆకారంలో కోసే పద్ధతి. పనిముట్టు పదార్థాన్ని తాకదు కనుక రంపపు పళ్ళు అరగడం వంటి సమస్య ఇందులో ఉండదు. కంప్యూటరులో గీసిన బొమ్మను అనుసరించి యంత్రం తానే కదులుతుంది. ఒకప్పుడు కర్మాగారాలకే పరిమితమైన ఈ పద్ధతి నేడు ఇంటి పనిశాలలకు, హైదరాబాదులోని హైటెక్ సిటీ ప్రాంతపు ఉమ్మడి పనిశాలకు కూడా చేరింది.

చరిత్ర

1960 మే 16న అమెరికా శాస్త్రవేత్త థియొడోర్ మైమన్ తొలి లేజరును పనిచేయించాడు. మహారాష్ట్రలోని బారామతిలో జన్మించిన కుమార్ పటేల్ 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కార్బన్ డయాక్సైడ్ లేజరును కనిపెట్టాడు. 1967లో ఇంగ్లండులో పీటర్ హౌల్డ్‌క్రాఫ్ట్ 300 వాట్ల లేజరు పుంజానికి ఆక్సిజన్ ధారను జోడించి 1 మిల్లీమీటరు మందం గల ఉక్కు రేకును కోయించాడు. నేటి లోహపు కోతకు ఇదే పునాది.

రకాలు

* డయోడ్ లేజరు: సాధారణంగా నీలి కాంతినిస్తుంది. పలుచని చెక్క, అట్ట, తోలు కోయగలదు. కాంతి దూసుకుపోవడం వలన పారదర్శకమైన అక్రిలిక్‌ను కోయలేదు.
* కార్బన్ డయాక్సైడ్ లేజరు: తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు, కంటికి కనిపించదు. 40 వాట్ల గొట్టం 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను, అక్రిలిక్‌ను కోయగలదు.
* ఫైబర్ లేజరు: తరంగదైర్ఘ్యం సుమారు 1.07 మైక్రోమీటర్లు. లోహాల కోతకు అనువైనది.

లోహాలు

నునుపైన రాగి, అల్యూమినియం 10.6 మైక్రోమీటర్ల కాంతిలో అధికభాగాన్ని తిప్పికొడతాయి. పైగా వేడిని త్వరగా ఇతర భాగాలకు వ్యాపింపజేస్తాయి. అందువలన ఇంటి యంత్రాలు లోహంపై గుర్తులు వేయగలవే కాని దళసరి రేకులను కోయలేవు. కర్మాగారాలలో 1,000 వాట్లు, అంతకు మించిన ఫైబర్ లేజర్లు వాడతారు. మామూలు ఉక్కుకు ఆక్సిజన్ ధార వాడితే ఇనుము మండి కోతకు తోడ్పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అంచు నల్లబడకుండా నైట్రోజన్ వాడతారు.

హైదరాబాదులో

1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో ఈ ప్రాంతం సాఫ్ట్‌వేరుకు పేరుపొందింది. వస్తువుల నమూనాలు తయారుచేసుకొనే వసతి కోసం తెలంగాణ ప్రభుత్వం రాయదుర్గంలో టీ-హబ్ సమీపాన టీ-వర్క్స్‌ను నెలకొల్పింది. 78,000 చదరపు అడుగుల ఈ కేంద్రాన్ని 2023 మార్చి 2న ఫాక్స్‌కాన్ అధ్యక్షుడు యంగ్ లియు ప్రారంభించాడు. లేజరు కోతతో పాటు లోహపు పని, చెక్కపని, ఎలక్ట్రానిక్స్ విభాగాలు ఇందులో ఉన్నాయి. బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధన సంస్థలో పదార్థాల లేజరు ప్రక్రియలకు ప్రత్యేక కేంద్రమున్నది. బొమ్మను ఇంట్లోనే గీసుకొని లోహాన్ని మాత్రం బయటి పనిశాలలో కోయించుకోవడం చౌకైన, క్షేమకరమైన మార్గం.

జాగ్రత్తలు

కంటికి కలిగే నష్టం తిరిగి బాగుపడకపోవచ్చు. 10.6 మైక్రోమీటర్ల కాంతి కంటిపొరను కాలుస్తుంది. డయోడ్, ఫైబర్ లేజర్ల కాంతి నేరుగా రెటీనాను చేరుతుంది. మామూలు గాజు మొదటిదానిని ఆపుతుంది. మిగిలిన వాటిని ఆపదు. కనుక కళ్ళద్దాలు ఆ లేజరు తరంగదైర్ఘ్యానికి సరిపడినవై ఉండాలి.

పి.వి.సి.ని ఎన్నడూ కోయరాదు. రెక్సిన్‌లో కూడా తరచుగా ఇదే ఉంటుంది. దీనినుండి వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, యంత్రానికి తుప్పు పట్టిస్తుంది. ఎర్రగా కాల్చిన రాగితీగను నమూనాకు తాకించి తిరిగి మంటలో పెట్టినపుడు మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉండవచ్చునని గ్రహించాలి. అపార్టుమెంటులలో పొగ గొట్టాన్ని పొరుగువారి కిటికీల వైపు వదలరాదు.

కార్బన్ డయాక్సైడ్ గొట్టానికి వేల వోల్టుల విద్యుత్తు అవసరం కనుక ఎర్తింగు తప్పనిసరి. గొట్టాన్ని చల్లబరచే నీరు హైదరాబాదు వేసవిలో త్వరగా వేడెక్కుతుంది. అపుడు చిల్లరు వాడటం మంచిది. నీటి ప్రవాహం ఆగితే లేజరు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. చెక్క, అక్రిలిక్ సులభంగా అంటుకుంటాయి. యంత్రం నడుస్తున్నంతసేపు మనిషి దగ్గరే ఉండాలి. అగ్నిమాపక సిలిండరు చేతికందేలా ఉంచాలి.