లినక్సుపై నేరుగా నడచిన ఆటలు

కంప్యూటరుపై ఆడు ఆటలను లోకము కాలక్షేపముగానే ఎంచుచున్నది. కాని యంత్రము యొక్క సామర్థ్యమును తేల్చుటలో ఆటను మించిన గీటురాయి అరుదు. జీతముల పట్టిక తయారుచేయు కార్యక్రమము ఒక సెకను ఆలస్యముగా జవాబిచ్చినను ఎవరికిని నష్టము లేదు. ఆట అట్లు కాదు. అది సెకనుకు 60 పర్యాయములు క్రొత్త బొమ్మను గీయవలెను. అదే సమయమున శబ్దమును వినిపింపవలెను. ఆటగాని చేతి కదలికను కనిపెట్టుచుండవలెను. వీనిలో ఏ ఒక్కటి తడబడినను ఆట చెడును. కావున ఒక వ్యవస్థపై ఆటలు ఎట్లు నడచినవో తెలిసికొనినచో, ఆ వ్యవస్థ చరిత్ర చాలవరకు తెలిసినట్లే. లినక్సు విషయమున ఈ మాట మరింత నిజము.

నేరుగా నడచుట అనగా నేమి?

కంప్యూటరు నందలి యంత్రభాగములకును, మనము వాడు కార్యక్రమములకును నడుమ నుండి పనులను పంచిపెట్టు మూల వ్యవస్థను ఆపరేటింగు సిస్టము అందురు. విండోస్, లినక్సు ఇట్టివే. తెరపై ఒక గీత గీయవలెనన్నను, మెమరీలో కొంత చోటు కావలెనన్నను ఆట ఈ వ్యవస్థనే అడుగవలెను. అడుగు పద్ధతి ఒక్కొక్క వ్యవస్థకు ఒక్కొక్క తీరున ఉండును. అందుచేత యంత్రము ఒకటే అయినను, విండోస్ కొరకు తయారైన ఆట కోరికలు లినక్సునకు అర్థము కావు.

దీనికి రెండు ఉపాయములు కలవు. మొదటిది, ఆట యొక్క మూలపాఠమును, అనగా మనుష్యులు చదువగల భాషలో వ్రాసిన ఆదేశములను, లినక్సు పద్ధతికి తగినట్లు సవరించి, కంపైలరు అను సాధనముతో మరల యంత్రభాషలోనికి మార్చుట. రెండవది, విండోస్ ఆటను ఉన్నది ఉన్నట్లుగనే ఉంచి, దాని కోరికలను అప్పటికప్పుడు లినక్సునకు తెలియజెప్పు దుబాసీని నడుమ నిలుపుట. మొదటి తీరున నడచువానినే నేరుగా నడచు ఆటలు అందుము. ఈ పద్ధతికి మూలపాఠము చేతిలో ఉండవలెనన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఇక ముందు చెప్పబోవు కథ యంతయు దానిపైననే ఆధారపడి యున్నది.

ఆటతో మొదలైన వంశము

లినక్సునకు మాతృక యునిక్సు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పనిచేయుచున్న కెన్ థాంప్సన్ 'స్పేస్ ట్రావెల్' అను ఆటను వ్రాసెను. సౌరకుటుంబములోని ముఖ్య గోళముల నడుమ ఒక నౌకను నడిపి, గ్రహములపై, ఉపగ్రహములపై దింపుటకు ప్రయత్నించుట అందలి పని. పెద్ద కంప్యూటరుపై ఒక్కసారి ఆడుటకు అగు ఖర్చు సుమారు 75 డాలర్లు; పైగా బొమ్మ కుదుపులతో కదలెడిది. అంతగా ఎవరును వాడని పీడీపీ-7 అను చిన్న యంత్రము ఆయన కంటబడినది. దానికి మంచి తెర యుండెను. డెన్నిస్ రిచీ తోడ్పాటుతో ఆటను ఆ యంత్రము కొరకు తిరుగ వ్రాసిరి. పెద్ద కంప్యూటరుపై తయారుచేసిన ఆదేశములను కాగితపు టేపుపై చిల్లులుగా పొడిచి, చేతితో మోసికొని వచ్చి చిన్న యంత్రమునకు అందించెడివారు. ఈ పనిలో ఆ యంత్రపు మర్మములు థాంప్సన్‌కు బాగుగా తెలిసినవి. తరువాత దానిపైననే ఆయన యునిక్సుకు పునాది వేసెను.

1973లో యునిక్సును 'సి' అను భాషలో తిరుగ వ్రాసిరి. ఇది గొప్ప మలుపు. అంతవరకు యునిక్సులో ఒక యంత్రమునకు వ్రాసినది మరియొక యంత్రమునకు పనికిరాకుండెడిది. 'సి' భాషలో వ్రాసిన పాఠమును స్వల్ప సవరణలతో ఏ యంత్రమునకైనను మార్చుకొనవచ్చును.

విద్యార్థుల చేతిలో

యునిక్సు విశ్వవిద్యాలయములకు ప్రాకినది. దానివెంట ఆటలును ప్రాకినవి. 1980 ప్రాంతమున కాలిఫోర్నియా విద్యార్థులు 'రోగ్' అను ఆటను వ్రాసిరి. పాతాళ గృహములలో అన్వేషణ అందలి ఇతివృత్తము. బొమ్మలు లేవు, తెరపై అక్షరములే గోడలు, అక్షరములే రాక్షసులు. దానిని చూచి ముచ్చటపడి జే ఫెన్లాసన్ అను ఉన్నత పాఠశాల విద్యార్థి, తన స్నేహితులతో కలసి 1982లో 'హ్యాక్' అను ఆటను వ్రాసెను. ఆమ్‌స్టర్‌డామ్ లోని గణితశాస్త్రజ్ఞుడు ఆండ్రీస్ బ్రౌవర్ 1984లో దానిని విస్తరించెను. 1987లో దూరదూరమున నున్న పలువురు కలసి దానిని మరల పెంచి 'నెట్‌హ్యాక్' అను పేరిట వెలువరించిరి. ఒకరి పాఠమును మరియొకరు చదువగలిగిరి గనుకనే ఈ వరుస సాగినది.

1991లో ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ యునిక్సును పోలిన వ్యవస్థకు కేంద్రభాగమును స్వయముగా వ్రాసి లోకమునకు పంచెను. అదియే లినక్సు. మరుసటి సంవత్సరము దానిని ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును, కాని మార్చి పంచినవారు తమ పాఠమును కూడ ఇతరులకు ఈయవలెనను షరతుతో విడుదల చేసెను. నెట్‌హ్యాక్ వంటి యునిక్సు ఆటలు దానిపై వెంటనే స్థిరపడినవి. డెన్మార్కు దేశములోని ఆర్హుస్ విశ్వవిద్యాలయమున ముగ్గురు విద్యార్థులు 'ఫ్రీసివ్' అను ఆటను వ్రాసి 1996 జనవరిలో వెలువరించిరి. నాగరికతలను నిర్మించు 'సివిలిజేషన్' అను ప్రసిద్ధమైన ఆట దానికి ఒరవడి. పలువురు వేర్వేరు కంప్యూటర్ల ముందు కూర్చుండి ఒకే ఆటను ఆడునట్లు ఏర్పాటుచేయుట అందలి విశేషము.

డూమ్ నేర్పిన పాఠము

1993 డిసెంబరులో అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ 'డూమ్' అను ఆటను విడుదల చేసెను. దానిని తయారుచేసినది యునిక్సు వంశమునకు చెందిన నెక్స్ట్ యంత్రములపై. అధికభాగము 'సి' భాషలో. యంత్రమును నేరుగా తాకు భాగములను, అనగా తెర, శబ్దము, మీటలు మొదలగు వానిని, మిగిలిన ఆట నుండి విడదీసి ప్రత్యేకపు దస్త్రములలో ఉంచిరి. ఈ ముందుచూపు ఫలించినది. ఆ కంపెనీ ఉద్యోగి డేవ్ టేలర్ 1994లో డూమ్‌ను లినక్సునకు మార్చెను. లినక్సు ఆఫీసులకు, ప్రయోగశాలలకే గాక వినోదమునకు కూడ తగునని దానివలన తేలినది.

1997 డిసెంబరు 23న ఆ కంపెనీ డూమ్ మూలపాఠమును లోకమునకు ఇచ్చెను. ఇచ్చినది లినక్సు పాఠము. డాస్ వ్యవస్థకు వ్రాసిన పాఠములో శబ్దమునకు సంబంధించిన భాగము ఇతరుల సొత్తు. దానిని బయటపెట్టుటకు ఈ కంపెనీకి హక్కు లేదు. లినక్సు పాఠమునకు ఆ చిక్కు లేదు. ఆట యొక్క బొమ్మలు, శబ్దములు, పటములు మాత్రము ఉచితముగా ఈయలేదు.

ఇచట ఒక విషయము గమనింపవలెను. నాటి పాఠము ఉన్నది ఉన్నట్లుగా నేటి యంత్రముపై సరిగా నడువదు. అది 256 రంగుల తెరను దృష్టిలో ఉంచుకొని వ్రాసినది. అట్లయ్యును డూమ్ నేడు లినక్సుపై చక్కగా నడచుచున్నది. పాఠము అందుబాటులో నున్నందున, చెడినచోట బాగుచేయువారు ఎప్పటికప్పుడు ముందునకు వచ్చిరి.

లోకీ కంపెనీ కథ

విండోస్ ఆటల యజమానుల నుండి అనుమతి పొంది, వానిని లినక్సునకు మార్చి అమ్ముటకు 1998లో కాలిఫోర్నియాలో లోకీ సాఫ్ట్‌వేర్ అను కంపెనీ వెలసినది. దాని స్థాపకుడు స్కాట్ డ్రేకర్. 1999లో 'సివిలిజేషన్: కాల్ టు పవర్' దాని తొలి ఆటగా వెలువడినది. 'రైల్‌రోడ్ టైకూన్ 2', 'సిమ్‌సిటీ 3000' మొదలగునవి తరువాత వచ్చినవి. పనితనము మంచిది, కొనువారు చాలలేదు. 2002 జనవరిలో కంపెనీ మూతబడినది.

లోకీ విడిచిపోయిన ఆస్తి రెండు విధములు. ఒకటి, అది అమ్మిన ఆటలు. వానిలో చాలవాటి మూలపాఠము యజమానుల పెట్టెలలోనే ఉండిపోయినది. లినక్సులో పలు కార్యక్రమములు ఉమ్మడిగా వాడుకొను లైబ్రరీలు కాలక్రమమున మారిపోయినవి. అట్టి ఆటలను మాత్రము క్రొత్త లైబ్రరీలకు తగినట్లు మార్చు వీలు లేదు. నేడు వానిలో చాలవాటిని ఆడవలెనన్నచో పాత లైబ్రరీలను వెదకి తెచ్చి అమర్చవలెను.

రెండవది 'ఎస్‌డీఎల్' అను లైబ్రరీ. శామ్ లాంటింగా 1998లో దీనిని ఆరంభించి, లోకీలో ముఖ్య ప్రోగ్రామరుగా నున్నప్పుడు పెంచెను. తెర, శబ్దము, మీటల పనిని ఏ వ్యవస్థపైనైనను ఒకే తీరున అడుగుటకు ఇది వీలు కల్పించును. డూమ్‌లో ఒక ఆటకు చేసిన విభజననే ఇది అన్ని ఆటలకును అందించినది. దీని పాఠము బహిరంగము. కావున కంపెనీ పోయినను ఇది పోలేదు. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టిన 'బాటిల్ ఫర్ వెస్నోత్' అను యుద్ధవ్యూహపు ఆటకు ఇదే ఆధారము. ప్రాచీన సామ్రాజ్యములను చిత్రించు '0 ఎ.డి.' అను ఆటయు దీనినే వాడుచున్నది. 2009లో మూలపాఠము బహిరంగమైన ఆ ఆటలో గ్రీకులు, రోమనులతోపాటు మన మౌర్యులును ఉన్నారు. చంద్రగుప్తుడు, అశోకుడు అందు వీరులు.

6 నుండి 315 వరకు

లినక్సు స్వభావముచేతనే ఆటలకు నెమ్మదియని చాలకాలము ఒక అపోహ యుండెను. 2012 ఆగస్టులో వాల్వ్ అను కంపెనీ ప్రకటించిన లెక్కలు దీనిని తొలగించినవి. ఆ కంపెనీ 'లెఫ్ట్ 4 డెడ్ 2' అను తన ఆటను లినక్సునకు మార్చినప్పుడు అది మొదట సెకనుకు 6 బొమ్మలు మాత్రమే గీసినది. ఆటను సవరించి, చిత్రములు గీయు భాగపు డ్రైవర్లను వాని తయారీదారులతో కలసి బాగుచేయగా, అది 315 బొమ్మలకు పెరిగినది. అదే యంత్రముపై విండోస్ గీసినవి 270.6.

ఈ సంఖ్యలను ఇంకొక విధముగా చూతము. సెకనులో వేయవ వంతు మిల్లీసెకను. ఒక బొమ్మకు విండోస్‌పై పట్టిన కాలము 1000 ÷ 270.6, అనగా సుమారు 3.70 మిల్లీసెకనులు, లినక్సుపై 1000 ÷ 315, అనగా సుమారు 3.17. తేడా అర మిల్లీసెకను మాత్రమే. సాధారణమైన తెర సెకనుకు 60 బొమ్మలనే చూపును గనుక ఆటగాడు ఈ తేడాను గుర్తింపజాలడు. ఈ లెక్క విలువ మరియొకచోట నున్నది. 6కును 315కును నడుమ యంత్రము మారలేదు, లినక్సు స్వభావము మారలేదు; చేసిన శ్రమయే మారినది.

2013 ఫిబ్రవరి 14న వాల్వ్ వారి 'స్టీమ్' అను ఆటల అంగడి లినక్సుపై తెరువబడినది. మెక్సికోలో తయారైన 'కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్' ఆ సంవత్సరమే లినక్సునకు వచ్చినది. రాకెట్టును కట్టి కక్ష్యలో నిలుపుట అందలి పని. నౌకపై ఒక సమయమున ఒకే గోళపు ఆకర్షణ పనిచేయునని భావించి అది లెక్క కట్టును. 1969 నాటి స్పేస్ ట్రావెల్ కూడ ఇదే సౌలభ్యమును వాడుకొనినది. భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు తరగతిలో చర్చించుటకు ఇది మంచి విషయము.

దుబాసీ రాక

అంగడి తెరచినంతనే సమస్య తీరలేదు. లినక్సునకు వచ్చిన పలు ఆటలను కంపెనీలు కొంతకాలమునకు పట్టించుకొనుట మానినవి. 'రాకెట్ లీగ్' అను బంతియాట 2016లో లినక్సునకు వచ్చినది. 2020 మార్చిలో దాని తయారీదారులు లినక్సు ప్రతికి మద్దతు నిలిపివేసిరి.

దుబాసీ మార్గమున 1993 నుండియే 'వైన్' అను కార్యక్రమము ఎదుగుచుండెను. దాని ఆధారముతో వాల్వ్ 2018 ఆగస్టులో 'ప్రోటాన్' అను సాధనమును విడుదల చేసెను. 2022 ఫిబ్రవరిలో అమ్మకమునకు వచ్చిన 'స్టీమ్ డెక్' అను చేతియంత్రము లినక్సుపైననే నడచును. కాని దానిపై ఆడు ఆటలలో అధికభాగము ఈ దుబాసీ ద్వారా నడచు విండోస్ ఆటలే. తయారీదారు విడిచిపెట్టిన లినక్సు ప్రతికంటె దుబాసీ ద్వారా విండోస్ ప్రతియే మేలుగా నడచిన సందర్భములును కలవు. దుబాసీ యొక్క పాఠము బహిరంగము గనుక అది నిత్యము బాగుపడుచున్నది.

తేలిన దేమి?

లినక్సుపై ఒక ఆట నేరుగా, చక్కగా నడచుట ఒకసారి చేసి ముగించు పని కాదు. చెరువు గట్టువలె ఏటేట చూచుకొనవలసినది. ఆ మరమ్మతు చేయగలవారు కంపెనీలో మాత్రమే ఉన్నచో, కంపెనీకి ఆసక్తి యున్నంతవరకే ఆటకు ఆయువు. పాఠము పదుగురికి అందినచో చేయువారు ఏదో ఒక దేశమున దొరకవచ్చును. 1987 నాటి నెట్‌హ్యాక్, 1996 నాటి ఫ్రీసివ్ నేటికిని లినక్సుపై నేరుగా నడచుటకు కారణము ఇదియే. బహిరంగ పాఠము ఒక్కటే చాలదు; చూచువారు లేక మరుగునపడిన ఆటలును అనేకము. కాని అది లేనిచో చూడదలచినవారికి సయితము దారి లేదు.

మన పాఠశాలలలోని కంప్యూటర్లపై వెస్నోత్, ఫ్రీసివ్, నెట్‌హ్యాక్ వంటి ఆటలను రుసుము లేకుండ ఆడుకొనవచ్చును. ఆడుటతో ఆగనక్కరలేదు. వెస్నోత్‌లో ఒక యోధుని బలము, నడక, వెల సాధారణమైన అక్షరదస్త్రములో వ్రాసి యుండును. విద్యార్థి ఆ దస్త్రమునకు ఒక ప్రతి తీసికొని, అందలి ఒక సంఖ్యను మార్చి, మరల ఆడి, ఏమి మారినదో పరిశీలింపవచ్చును. హ్యాక్‌ను వ్రాసిన బాలుడును ఉన్నత పాఠశాల విద్యార్థియే కదా.