వడ్డీ లేని అప్పు ఆమెదాకా వచ్చిన దారి

ఇస్లామిక్ బ్యాంకుల చరిత్ర రాసేవారు చాలామంది ఆడవాళ్ళ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. వడ్డీ నిషేధంలోనే పేదలకు న్యాయం ఉంది కాబట్టి, చిరువ్యాపారం చేసుకునే స్త్రీకి ఈ బ్యాంకులు మొదటినుంచీ అండగా ఉన్నాయన్నది వారి మాట. బంగ్లాదేశ్ అనుభవాన్ని దగ్గరగా చూస్తే ఈ మాట నిలబడదు.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1963లో ఈజిప్టులోని మిత్ గమ్ర్‌లో అహ్మద్ అల్ నజ్జార్ పొదుపు బ్యాంకు పెట్టాడు. 1975లో దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు వచ్చింది. వీటికి ముందే హైదరాబాద్‌లో వడ్డీలేని అప్పుల సంఘాలు నడిచిన వైనాన్ని ముహమ్మద్ హమీదుల్లా 1955లోనే రాశారు. సిద్ధాంతకర్తలు ఆదర్శంగా చెప్పింది ముదారబా: పెట్టుబడి బ్యాంకుది, శ్రమ వ్యాపారిది, లాభం ఇద్దరిదీ. ఆస్తిలేని స్త్రీకి ఇంతకన్నా అనువైన పద్ధతి ఉండదు. బ్యాంకులు మాత్రం మురాబహా వైపే మొగ్గాయి. సరుకు కొని, తమ లాభం కలిపి, తిరిగి అమ్మడం అది. చిన్న దుకాణం లాభనష్టాలను కనిపెట్టుకుని ఉండటం ఖర్చుతో కూడిన పని. అమ్మకంలోనైతే రావలసినదెంతో ముందే తెలుస్తుంది.

అసలు చిక్కు 1983 నుంచి 1995 దాకా సాగిన కాలంలో ఉంది. 1983లోనే ఢాకాలో ఇస్లామీ బ్యాంక్ బంగ్లాదేశ్ తలుపులు తెరిచింది. అదే ఏడు, పేదలకు తాకట్టు లేకుండా చిన్న అప్పులిచ్చే ముహమ్మద్ యూనుస్ గ్రామీణ్ ప్రయోగం చట్టబద్ధమైన బ్యాంకయింది. 1990ల తొలినాళ్ళకు గ్రామీణ్ సభ్యుల్లో తొంభై శాతానికి పైగా స్త్రీలే. ఇస్లామీ బ్యాంకు గ్రామీణాభివృద్ధి పథకం మొదలైంది మాత్రం 1995లో. న్యాయదృష్టే కారణమైతే ఈ పన్నెండేళ్ళ ఆలస్యం ఎందుకు?

కొత్త బ్యాంకు ముందు డిపాజిట్లు కూడగట్టుకోవాలి, నిజమే. కానీ ఆ నడుమ పల్లెల్లో జరిగినదాన్ని పక్కన పెట్టలేం. 1993-94లో మతం పేరిట కొందరు బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ బడులకు నిప్పు పెట్టారు, స్త్రీలు పెంచే మల్బరీ చెట్లు నరికారు. అప్పుల గ్రూపుల్లో చేరడం మతవిరుద్ధమన్న ప్రచారం సాగింది. ఆ వెంటనే వచ్చిన ఇస్లామీ బ్యాంకు పథకంలోనూ ఐదుగురి గ్రూపు, వారం వారం సమావేశం, ఒకరికొకరు పూచీ ఉన్నాయి. మన డ్వాక్రా సంఘాలను ఎరిగినవారికి ఇది పరిచితమైన ఏర్పాటే. వడ్డీ స్థానంలో వాయిదా అమ్మకం, అంటే బై ముఅజ్జల్, వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన రెండోదానికి మొదటిదే కారణమని రుజువు కాదు. బ్యాంకు ధార్మిక సంకల్పాన్నీ కొట్టిపారేయలేం. అయినా పథకం నిర్మాణం చూస్తే, మతగ్రంథాలకంటే పక్క ఊరి గ్రామీణ్ శాఖే దానికి దగ్గరి బంధువు అనిపిస్తుంది.

ఇక ఫలితం. ఈ పథకంలోనూ సభ్యుల్లో అత్యధికులు స్త్రీలే. అప్పటిదాకా అప్పుకు దూరంగా ఉన్న ఇళ్ళకు అది అందింది. ఇది చిన్న విషయం కాదు. కానీ పుస్తకంలో పేరున్నంత మాత్రాన డబ్బు ఆమె చేతిలో ఉన్నట్టు కాదు. గ్రామీణ్, బ్రాక్ వంటి కార్యక్రమాలను పరిశీలించిన పరిశోధకులు గోట్జ్, సేన్‌గుప్తా 1996లోనే ఆ సంగతి చూపారు: చాలా అప్పులపై పెత్తనం మగవాళ్ళదే. ఆ నమూనాను తెచ్చుకున్న బ్యాంకు ఆ లోపాన్నీ తెచ్చుకోలేదని చెప్పడానికి ఆధారం కావాలి.

అసలు అడ్డు ఆ పై మెట్టులో ఉంది. కుట్టుమిషను దాటి పదిమందికి పనిచ్చే కార్ఖానా పెట్టాలంటే తాకట్టు అడుగుతారు. పుట్టింటి వాటాను అన్నదమ్ములకు వదిలేసుకునే ఆనవాయితీ ఉన్నచోట ఆడవాళ్ళ పేర భూమి అరుదు. 2010లో దేశపు కేంద్ర బ్యాంకైన బంగ్లాదేశ్ బ్యాంక్, బ్యాంకులకు తానిచ్చే రీఫైనాన్స్ నిధిలో 15 శాతం స్త్రీలకు కేటాయించి, 25 లక్షల టాకాల దాకా వ్యక్తిగత హామీపై ఇవ్వవచ్చని చెప్పింది. ఈ తలుపు తీసింది కేంద్ర బ్యాంకు; బ్యాంకు ఒప్పందాలు మతసూత్రాలకు లోబడి ఉన్నాయా అని చూసే షరియా మండళ్ళు కావు. 2024 ఆగస్టులో అదే కేంద్ర బ్యాంకు ఇస్లామీ బ్యాంకు పాలకమండలిని రద్దుచేసింది. ఒకే వ్యాపార కూటమికి భారీ రుణాలు మళ్ళాయన్నది అప్పటి ఆరోపణ. వేల టాకాల అప్పుకు నలుగురి పూచీ అడిగిన వ్యవస్థ పెద్దల దగ్గర అంత పట్టుగా ఉందా అన్న ప్రశ్న ఇప్పుడు తప్పదు.

సభ్యత్వాల సంఖ్య చూపి ఈ చరిత్రను విజయగాథగా ముగించలేం. గ్రూపు అప్పునుంచి సొంత పేరున వ్యాపార రుణానికి ఎదిగినవారు ఎందరో, లాభనష్టాల్లో బ్యాంకు నిజంగా పాలు పంచుకున్నది ఎందరితోనో లెక్క తేలాలి. వడ్డీ పేరు తీసేసినంత మాత్రాన పూచీ భారం ఆమె మీదనుంచి దిగలేదు.