అవ్వల మాటను కోర్టు విన్నది

ఈసారి కెన్యా సంగతి. 1952లో అక్కడి గికుయు తెగవాళ్లు భూముల కోసం తిరగబడితే బ్రిటిష్ ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టి మనుషుల్ని క్యాంపుల్లో కుక్కింది. 1954 నుంచి ఆడవాళ్లనూ పిల్లల్నీ కంచె వేసిన ఊళ్లకు తరలించి కందకాలు తవ్వించింది.

అమెరికాలో చదువుకుంటున్న కరోలిన్ ఎల్కిన్స్ గికుయు ఆడవాళ్ల మీద పని చేస్తూ కామిటి అనే ఆడవాళ్ల క్యాంపు కాగితాలు చూశారు. అదే ఆమె దారి అయింది. తెల్లవాళ్లు వెళ్లిపోతూ చాలా ఫైళ్లు కాల్చేశారు. అందుకే ఊరూరా తిరిగి బతికున్న ముసలివాళ్లను అడిగారు. 2005లో పుస్తకం వచ్చింది, 2006లో పులిట్జర్ వచ్చింది. అయినా కొందరు చరిత్రకారులు, ముసలోళ్ల మాటలు అంతగా నమ్మితే ఎలా అన్నారు. (మాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే.)

2009లో ఐదుగురు వృద్ధులు లండన్‌లో కేసు వేశారు, వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. ఎల్కిన్స్ వాళ్ల తరఫున నిలబడ్డారు. 2011లో ప్రభుత్వం దాచిపెట్టిన ఫైళ్లు బయటపడ్డాయి. అవ్వలు చెప్పిన హింస అందులోనూ ఉంది. 2013లో 5,228 మందికి, ఖర్చులతో కలిపి, 1.99 కోట్ల పౌండ్లకు ఒప్పుకున్నారు. విచారం అన్నారు, క్షమాపణ అనలేదు.

1922–24 మన్యం పితూరీ గురించి ఇంట్లో విన్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. సంక్రాంతి సెలవులకు వెళ్లి ఫోన్‌లో రికార్డ్ చేద్దామనుకుంటున్నాం. తాతలు అరుగు మీద కూర్చుని ఎలాగూ చెప్తారు. పొయ్యి దగ్గరున్న అవ్వల్ని ముందు అడుగుదాం.