బొమ్మ పలికించిన మాట

మేము ధ్వనిని నమ్ముకొని బ్రతికేవాళ్లం. రేడియో పెట్టెకు కన్నులు లేవు. ఉన్నదల్లా గొంతు ఒక్కటే. అయినా ఒక్క విషయంలో మాత్రం కంటి సహాయం లేనిదే చెవికీ నోటికీ గతి లేదని మేము ఒప్పుకోక తప్పదు. అది మాటలు ఇంకా రాని పసిబిడ్డ విషయం. ‘కాకి’ అన్న మాట బిడ్డ చెవిన పడితే చాలదు. కాకి కంటికి కనబడాలి, దానివైపు ఎవరో ఒకరు వేలు చూపాలి, ఆ వేలి వెంట బిడ్డ చూపు కదలాలి. అప్పుడే ధ్వనికి అర్థం పుడుతుంది. మాటలు ఆలస్యమైన పిల్లలకు చికిత్స చేసే నిపుణులు నేడు బొమ్మల పుస్తకం చేతబట్టడానికి కారణం ఇదే. ఆ పుస్తకం వారి చేతికి ఎలా వచ్చిందో శ్రోతలతో ముచ్చటించాలని మా సంకల్పం.

బొమ్మను చూపుతూ మాట చెప్పడం మనకు కొత్త విద్య కాదు. తెలంగాణలో చేర్యాల నకాశీ చిత్రకారులు పొడుగాటి గుడ్డ మీద, అంతస్తులు అంతస్తులుగా కథను చిత్రించేవారు. ఆ పటాన్ని ఊరి నడుమ వేలాడదీసి, కథకుడు ఒక్కొక్క బొమ్మను చూపుతూ కథ నడిపేవాడు. కూనపులివారు పద్మశాలీలకు వారి కులపురాణాన్ని ఇలాగే వినిపించేవారు. చూసేవారు బొమ్మను చూస్తారు, కథకుడు వారి ముఖాలను చూస్తాడు. ఈ రెండు చూపులూ కలిసేచోట కథ రక్తికడుతుంది. చికిత్స గదిలో జరిగేదీ, చిన్న ఎత్తున, ఇదే.

పశ్చిమాన ఈ పద్ధతిని పిల్లల పుస్తకంగా మలచినవారిలో అగ్రగణ్యుడు మొరేవియా దేశపు కొమీనియస్ పండితుడు. ఆయన 1658లో న్యూరెంబర్గు నగరంలో, లాటిన్, జర్మన్ భాషలలో, నూట యాభై బొమ్మల పాఠాలతో ఒక గ్రంథం వెలువరించాడు. అందులో అక్షరాల పాఠం అక్షరంతో మొదలు కాదు, అరుపుతో మొదలవుతుంది. కాకి కూత, గొర్రె అరుపు, గాలి హోరు, పసిబిడ్డ ఏడ్పు – ఇవన్నీ బొమ్మలుగా వరుసకట్టి, ఒక్కొక్కటి ఒక్కొక్క ధ్వనిని నేర్పుతాయి. మాట తడబడే బిడ్డతో నేటి నిపుణులు మొదట ‘అంబా’, ‘మేమే’, ‘కావుకావు’ అనిపిస్తారు. మూడు వందల అరవై ఏండ్లకు పైబడిన ఆ మొదటి పుట ఇంకా పాతబడలేదన్నమాట.

తెలుగు పిల్లలకు బొమ్మలతో కూడిన పత్రికలు వచ్చింది మొన్నమొన్ననే. రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా ప్రఖ్యాతులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించారు. రేడియోలో పిల్లలను మాట్లాడించినవారే పిల్లల చేతికి బొమ్మలను అందించడం మావంటివారికి గర్వకారణం. 1947 జూలైలో మద్రాసునుండి ‘చందమామ’ వెలువడింది. వడ్డాది పాపయ్య, చిత్రా, శంకర్ వంటి చిత్రకారుల బొమ్మలను చూసి కథను ఊహించుకొన్న పిల్లలు, చదువు రాకముందే కథ చెప్పడం నేర్చారు. అది చికిత్స అని ఆనాడు ఎవరూ అనుకోలేదు.

చికిత్సకు ప్రత్యేక విద్యాలయాలు తరువాత వచ్చాయి. 1965లో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడింది. 1984లో మన సికింద్రాబాదులో, బుద్ధిమాంద్యం గల పిల్లలకోసం జాతీయ సంస్థ వెలసింది. దాని ఆవరణ ఉన్న ప్రాంతానికి మనోవికాస్ నగర్ అని పేరు. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టం వాక్కుకు, భాషకు సంబంధించిన లోపాన్ని కూడ తన పట్టికలో చేర్చింది. మాట రాకపోవడం కర్మఫలం కాదు, సహాయం కోరదగిన స్థితి అని చట్టమే అంగీకరించిందన్నమాట.

బొమ్మల పుస్తకాన్ని ఎలా వాడాలన్నది అమెరికాలో వైట్‌హర్‌స్ట్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1988లో ప్రకటించిన పరిశోధనలో తేటపడింది. రెండేండ్లు అటూఇటుగా ఉన్న పిల్లల తల్లిదండ్రులకు వారు కొద్దిపాటి శిక్షణ ఇచ్చారు. పుస్తకాన్ని గడగడ చదివి మూయవద్దు, ‘ఇదేమిటి?’, ‘ఏం చేస్తున్నాడు?’ అని అడగండి. బిడ్డ ఒక్క మాట అంటే దానికి ఇంకొక మాట చేర్చి తిరిగి అనండి – ఇంతే ఆ శిక్షణ. నాలుగే వారాలు గడిచేసరికి ఆ పిల్లల మాట, మామూలుగా చదివి వినిపించిన పిల్లల మాటకంటె స్పష్టంగా ముందంజ వేసింది. రెండు పక్షాలవారి చేతిలోనూ ఉన్నవి బొమ్మల పుస్తకాలే. తేడా అంతా పెద్దలు మాట్లాడించిన తీరులో ఉన్నది.

అయితే మన భాషకు మన బొమ్మలే కావాలి. ఆంగ్లంలో ఒక ధ్వనిని మాట మొదట, నడుమ, చివర పలికించే బొమ్మలు కూర్చుతారు. అచ్చ తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. కనుక చివరి హల్లుకోసం కూర్చిన ఆంగ్లపు బొమ్మలు తెలుగు బిడ్డకు అంతగా అక్కరకు రావు. మనకు కావలసినవి ళకారానికి తాళం, ణకారానికి వీణ, ద్విత్వానికి పిల్లి, చెట్టు. అట్లే ‘అన్నయ్య వచ్చాడు’, ‘అక్క వచ్చింది’, ‘పిల్లలు వచ్చారు’ అని మూడు తీరులుగా పలికించే బొమ్మలు కావాలి. మాటలే లేని బొమ్మల కథలు ఇందుకు ఎంతో అనువు. మెర్సర్ మేయర్ 1969లో వెలువరించిన, తప్పిపోయిన కప్పను వెదికే బాలుని కథ అటువంటిది. అందులో ఒక్క మాటయినా అచ్చులో లేదు గనుకనే ఎన్నో దేశాలలో పిల్లలు ఎవరి భాషలో వారు ఆ కథ చెప్పారు. పండితులు ఆ కథనాలను పోల్చి చూశారు.

ఇప్పుడు నగరానికి తూర్పుకొనన, విజయవాడ రహదారి మీద ఉన్న పెద్ద అంబర్‌పేట్‌లో ఒక ఇంటిని ఊహించుకొందాం. నల్లగొండ వైపునుండి వచ్చి స్థిరపడిన కుటుంబం. బిడ్డకు రెండేండ్లు నిండాయి. రెండు మాటలు కలిపి అనడం లేదు. ‘మగపిల్లవాడు, నెమ్మదిగా వస్తాయిలే’ అంటుంది నాయనమ్మ. ‘ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి’ అంటారు పొరుగువారు. మొదటి మాట విని కాలయాపన చేయరాదు. ముందుగా బిడ్డకు వినికిడి పరీక్ష చేయించాలి. రెండవ మాట అసలే వినరాదు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు, కాని తల్లి తనకు చక్కగా వచ్చిన భాషను మానుకొంటే బిడ్డకు అందే మాటలే తగ్గిపోతాయి.

ఆ తల్లి బిడ్డను ఎత్తుకొని దిల్‌సుఖ్‌నగర్‌కో, నగరం దాటి సికింద్రాబాదుకో చికిత్సకు వెళ్లినా, నిపుణుని ఎదుట గడిచేది వారానికి ఒకటి రెండు గంటలు. మిగిలిన ఘడియలన్నీ ఇంటివే. అందువల్ల చికిత్స నిజంగా సాగేది ఇంట్లో, అన్నం తినిపించిన తరువాత, చాపమీద విప్పిన పుస్తకం ముందు. నాయనమ్మకు చదువు రాకపోయినా చింత లేదు. బొమ్మకు చదువు అక్కరలేదు. ‘కుక్క ఏదిరా?’ అని అడిగి, బిడ్డ జవాబుకోసం కొంచెం ఓపిక పట్టాలి. మనం తొందరపడి జవాబు చెప్పేస్తే బిడ్డ నోటివరకు వచ్చిన మాట వెనుకకు పోతుంది.

రేడియోలో నిశ్శబ్దం తప్పు. అర నిమిషం గొంతు ఆగితే మేము కంగారు పడతాము. బొమ్మల పుస్తకం ముందు మాత్రం ఆ నిశ్శబ్దమే మంచిది. బిడ్డ మాట పుట్టేది అందులోనే. కాబట్టి ఈ సాయంత్రం మా కార్యక్రమం ముగిసిన తరువాత రేడియో కట్టివేసి, ఇంట్లోని చిన్నవారిని ఒడిలో కూర్చోబెట్టుకొని, ఒక బొమ్మను చూపి, కాసేపు వేచి చూడండి. ఆ తరువాత వినబడే గొంతు మా గొంతుకంటె విలువైనది.