రొమ్ము రాచపుండును దాటి బ్రదికినవారు



రాచపుండు అను పేరు వినబడినంతనే మన పల్లెలలో సంభాషణ నిలిచిపోవును. అది స్త్రీల రొమ్మునకు సంబంధించినదైనచో నలుగురిలో పలుకుటయే తప్పుగా నెంచుదురు. అయినను ఆ వ్యాధి సోకిన పిమ్మట ఇరువది, ముప్పది సంవత్సరములు జీవించినవారు కలరు. వారెట్లు జీవించిరో, మఱికొందఱేల జీవింపలేదో నేడు విచారింతము.

సుశ్రుతుడు అర్బుదమును వర్ణించుచు, అది గుండ్రనిది, కదలనిది, లోతైన మూలము గలది, మెల్లగా పెరుగునది, చీము పట్టనిది, నొప్పి స్వల్పముగా గలది అని చెప్పెను. శేషము లేకుండ దానిని తొలగింపవలెననియు, మిగిలినచో మరల పుట్టి ప్రాణము తీయుననియు హెచ్చరించెను. నేటి వైద్యమంతయు ఇందే యున్నదని మురియు పండితులు కలరు. నే నంతదూరము పోను. కాని ఆ స్వల్పమైన నొప్పియే మన యిండ్లలో కొంప తీయుచున్నది. నొప్పి లేనిదే వైద్యుని యొద్దకు పోవు అలవాటు మనకు లేదు గదా.

1811లో పారిసు నగరమున ఫానీ బర్నీ అను ఆంగ్లేయ రచయిత్రికి మత్తుమందు లేకయే రొమ్ము కోసి తీసిరి. ఆమె 1840 వఱకు జీవించెను. ఆ గడ్డ నిజముగా రాచపుండేనా యని సందేహించువారును కలరు. తరువాత అమెరికా వైద్యుడు హాల్‌స్టెడ్ 1894లో ప్రకటించిన పద్ధతి రొమ్మును, క్రింది కండరములను, చంకలోని గ్రంథులను కలిపి తొలగించుట. ఎంత విరివిగా కోసిన అంత ఆయువని చాలకాలము నమ్మిరి. ఆ నమ్మకమును ఫిషర్ అను వైద్యుడు పరీక్షించెను. గడ్డను మాత్రము తీసి కిరణచికిత్స చేసినను ఆయువు తగ్గదని 1985లో ఆయన బృందము ప్రకటించెను. కత్తి పట్టుటకు ముందే వ్యాధి రక్తముతో పయనమైయుండవచ్చునని దాని తాత్పర్యము.

అట్లు పయనమైన దానిని వెంబడింప మందు కావలెను. ఇచ్చట మన తెలుగువాని పేరు వచ్చుచున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకులై యుండగా మెథోట్రెక్సేటు అను ఔషధము సిద్ధమయ్యెను. వారు 1948లోనే గతించిరి. ఇటలీలోని మిలాను నగరమున బొనడోన్నా అను వైద్యుడు ఆ మందును మఱి రెండింటితో చేర్చి, చంక గ్రంథులకు వ్యాధి సోకిన స్త్రీలకు శస్త్రచికిత్స పిదప ఇచ్చెను. 386 మందిని పరిశీలించి 1976లో తొలి ఫలితమును ప్రకటించెను. ఇరువది యేండ్ల పిమ్మట లెక్క చూడగా, మందు పుచ్చుకొన్నవారిలో మరణభయము సుమారు నాలుగవ వంతు తగ్గియుండెను.

గడ్డ యెంత చిన్నది, చంక గ్రంథులకు సోకెనా, దాని స్వభావమేమి అనునవి ఆయువును నిర్ణయించు ముఖ్య కారణములు. స్త్రీత్వ హార్మోనుచే పెరుగు జాతియైనచో టామాక్సిఫెను మాత్రను ఐదేండ్లు వాడినవారిలో ఈ వ్యాధిచే మరణములు మూడవ వంతు వఱకు తగ్గినవి. ఐదేండ్లు అనుమాట గమనింపుడు. ఒడలు బాగున్నదని రెండవ యేటనే మాత్ర మానినవారికి ఆ ఫలము పూర్తిగా దక్కదు.

ఇక మా హాలియా వంటి యూళ్ళ సంగతి. "నాట్లు కానిమ్ము, కోతలు కానిమ్ము" అని ఆడువారు గడ్డను కప్పిపుచ్చుకొందురు. ఇంటి పెద్దకు చెప్పుటకు సిగ్గు. చెప్పినను బండి కట్టించువాడు పెద్దయే. కిరణచికిత్సకు వారములకొలది దినదినము ఆసుపత్రికి పోవలెను; అందుచే హైదరాబాదున బస దొరకని పేదరాలు నడుమనే తిరిగివచ్చును. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన పిమ్మట చికిత్స ఖర్చు కొంత తీరినను, బస, కూలి నష్టము, తోడు వచ్చు మనిషి అనునవి తీరలేదు.

బొంబాయిలో టాటా స్మారక వైద్యశాలవారు 1998 మొదలు లక్షన్నరకు పైగా స్త్రీలను పరిశీలించి 2021లో ఫలితము ప్రకటించిరి. శిక్షణ పొందిన ఆడువారు రెండేండ్ల కొకమాఱు ఇరుగుపొరుగు స్త్రీల రొమ్ములను చేతితో పరీక్షించిరి. అన్ని వయస్సులను కలిపి చూచిన తేడా నిశ్చయముగా తేలలేదు. ఏబది దాటినవారిలో మాత్రము మరణములు నూటికి ముప్పది వంతున తగ్గెను. యంత్రము లేదు, విద్యుత్తు లేదు. గడ్డలన్నియు రాచపుండ్లు కావు, పెక్కు నిరపాయములే. ఆ నిర్ణయము సూదిపరీక్షది, మన ఊహది కాదు.

హార్మోను జాతి వ్యాధి ఇరువది యేండ్ల పిదపను తిరుగబెట్టవచ్చునని 2017లో వెలువడిన లెక్కలు చూపినవి. కావున నయమైనదని యింటికి వచ్చిన కోడలికిని, కూతురికిని ఏటేట పరీక్ష కలదు. ఆ దినమున ఆమె చేయు పనిని ఇంటివారే మఱియొకరు చేయవలసియుండును.